తొక్క కోసం గంటంబావు

మా తెనాలి ఇంట్లో బంగాళాదుంప తొక్కకి ఏనాడూ విలువ లేదు. కుక్కర్ మూత తియ్యగానే, చేతులు కాలుతున్నా ఊదుకుంటూ వలిచేసి, ఆ తొక్కలన్నీ వీధి చివర గేదెలకి వేసేవాళ్ళం. అలాంటి ఇంట్లో పెరిగిన నేను, 2021 అక్టోబర్‌లో ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్‌లో ఒక ముసలాయన దుంప లోపలి గుజ్జంతా ముందు తినేసి, తొక్కని మాత్రం ఆఖరుకి దాచుకుని, దానికి ఇంత వెన్న రాసి, అప్పడం విరిచినట్టు విరుచుకు తినడం చూసి అలా నిలబడిపోయాను. ఆయన నావైపు చూసి, "ఇది నాదే, ఇవ్వను" అన్నట్టు ప్లేటు కాస్త దగ్గరికి లాక్కున్నాడు.

అప్పటికి నేను ఎమ్మెస్సీకి వచ్చి నెల. క్లాసులు జరిగే రోజుల్లో మాకు వారానికి 20 గంటలు పని చేసుకోవడానికి అనుమతి. నాకు ముసలివాళ్ళుండే ఒక కేర్ హోమ్ వంటగదిలో దొరికింది. గిన్నెలు తోమడం, కూరలు తరగడం, ట్రేలు సర్దడం. వంటగదంతా అరవై దాటిన ఒకావిడ చేతి కింద ఉండేది. ఆవిడ అందరినీ "లవ్" అని పిలుస్తుంది. మొదటిరోజు నన్నూ అలాగే పిలిచేసరికి కంగారుపడ్డాను. యార్క్‌షైర్ వైపు అది మన "నాయనా" లాంటి మాటేనని అర్థమవడానికి వారం పట్టింది.

ఆ ముసలాయన తిన్నదాన్ని వాళ్ళు జాకెట్ పొటాటో అంటారు. తొక్కే జాకెట్టు. అమెరికాలో ఉన్న మా బావ దాన్నే బేక్డ్ పొటాటో అంటాడు. దుంపని తొక్కతోనే ఓవెన్‌లో కాల్చి, పైన కోసి, వెన్నో, చీజో, టమాటా సాస్‌లో ఉడికిన బీన్సో వేసుకుంటారు. చూడ్డానికి ఇందులో వంటేముంది అనిపిస్తుంది. నాకూ అలాగే అనిపించింది కాబట్టే ఆ శనివారం సూపర్ మార్కెట్లో నాలుగు దుంపలు కొనుక్కుని ఇంటికెళ్ళాను.

ఇంట్లో నలుగురం. కరీంనగర్ అన్న దాన్ని ఆలుగడ్డ అంటాడు, మదనపల్లె తమ్ముడు ఉర్లగడ్డ అంటాడు, నేను బంగాళాదుంప అంటాను. నాలుగోవాడిది విజయనగరం, వాడు ఏమీ అనడు, పెట్టింది తింటాడు. "ఆలుగడ్డే కదరా, మైక్రోవేవ్‌ల వెయ్యి, పది నిమిషాలు" అన్నాడు అన్న. వేశాం. ఫోర్కుతో నాలుగు పోట్లు పొడవాలని మాకు తెలీదు. లోపలి నీళ్ళు ఆవిరైపోయి, బయటికి దారి లేక, ఎనిమిదో నిమిషంలో ఒకటి ఢాం అంది. గుజ్జు మైక్రోవేవ్ పైకప్పుకి అంటుకుంది. దాన్ని గీకడానికి అరగంట. పేలకుండా బతికిన దాన్ని కోసి చూస్తే తొక్క వానలో నానిన తోలు చెప్పులా మెత్తగా ముడతలు పడి ఉంది, లోపల ఒక పక్క జిగురు, ఇంకో పక్క రాయి.

మైక్రోవేవ్ తప్పేం లేదని తర్వాత అర్థమైంది. అది దుంపలోని నీటిని వేడి చేస్తుందే తప్ప చుట్టూ ఉన్న గాలిని వేడి చెయ్యదు. లోపలి ఆవిరంతా తొక్క మీదుగా బయటికొస్తూ దాన్ని తడుపుతూనే ఉంటుంది. తడి ఉన్నంతసేపు తొక్క వేడి వంద డిగ్రీల దగ్గరే ఆగిపోతుంది. వంద డిగ్రీల దగ్గర ఏదీ ఎర్రబడదు, కరకరలాడదు. నూనెలో వడ వేసినప్పుడు బుడగలు తగ్గాకే రంగు ఎందుకు తిరుగుతుందో మనందరికీ తెలుసు. ఇదీ అంతే.

రెండోసారి కాస్త పద్ధతిగా, ఏదో వీడియో చూసి, అల్యూమినియం ఫాయిల్ చుట్టి ఓవెన్‌లో గంట పెట్టాను. వచ్చింది ఉడికిన దుంప. కుక్కర్లో నాలుగు విజిళ్ళకి వచ్చేదే. మర్నాడు పనిలో ఆవిడకి చెప్తే, "ఒంటిమీద జాకెట్టు ఉండగా మళ్ళీ కోటెందుకు తొడిగావు, లవ్?" అని పడిపడి నవ్వింది. నవ్వు ఆపాక సీరియస్‌గా ఇంకో మాట చెప్పింది. ఫాయిల్ చుట్టిన దుంపని కాల్చాక బల్లమీద వదిలెయ్యడం ఆ వంటగదిలో నిషేధం. తినకపోతే ఫాయిల్ తీసేసి ఫ్రిజ్‌లో పెట్టాలి, లేదా పారెయ్యాలి. ముసలివాళ్ళు తినే చోటు కాబట్టి అతి జాగ్రత్త అనుకున్నాను. తర్వాత చదివితే కారణం గట్టిదే. బొటులిజం అనే ప్రమాదకరమైన విషజబ్బు తెచ్చే బ్యాక్టీరియా మట్టిలో ఉంటుంది, విత్తనాల్లాంటి దాని స్పోర్లు ఓవెన్ వేడికి చావవు. ఫాయిల్ లోపల గాలి ఆడదు, తడి ఉంటుంది, గది వేడి సరిపోతుంది, ఇక విషం తయారవుతుంది. 1994లో అమెరికాలో, టెక్సాస్ రాష్ట్రంలోని ఎల్ పాసోలో, అలా బయట వదిలేసిన ఫాయిల్ దుంపలతో చేసిన పచ్చడి లాంటి వంటకం తిని 30 మంది జబ్బుపడ్డారు. అప్పట్నుంచి మా ఇంట్లో ఫాయిల్ చపాతీలకే.

ఆవిడ పద్ధతి నేను చూసి నేర్చుకున్నదే, కాగితం మీద ఎప్పుడూ రాసివ్వలేదు. పావుకిలో నుంచి మూడొందల గ్రాముల లోపు దుంపలు, అన్నీ ఇంచుమించు ఒకే సైజువి ఏరుతుంది. బ్రష్‌తో మట్టి పోయేదాకా కడిగి, గుడ్డతో తుడుస్తుంది, కానీ పూర్తిగా ఆరనివ్వదు. ఆ చెమ్మ మీద ఉప్పు రుద్దుతుంది, అది అంటుకోవడానికి. ఫోర్కుతో ఐదారు పోట్లు. ఓవెన్ ముందే 200 డిగ్రీలకి వేడెక్కి ఉండాలి, ఫ్యాన్ తిరిగేదైతే 180. ట్రేలో పెట్టదు, నేరుగా కమ్మీల మీద పెడుతుంది. ట్రే మీద పెడితే కింద వైపు గాలి ఆడక అక్కడ తొక్క మెత్తబడుతుందట. మొత్తం గంటంబావు, ఆఖరి పది నిమిషాల దాకా అటువైపు వెళ్ళదు. మధ్యలో తలుపు తెరిచి చూస్తే కసురుకుంటుంది.

నూనె విషయంలో మాత్రం ఆవిడతో నాకు కొంతకాలం గొడవ. నేను వేపుళ్ళ ఊరివాణ్ణి, నూనె ముందే పట్టిస్తే కరకరలాడుతుందనుకుంటాను. ఆవిడ చివరి పది నిమిషాల ముందే బయటికి తీసి బ్రష్‌తో రాస్తుంది. ఒకరోజు చెరో పద్ధతిలో చెరో రెండు పెట్టి చూశాం. ముందే నూనె రాసినవి చూడ్డానికి నిగనిగలాడుతున్నాయి, కానీ తొక్క సాగుతోంది. నూనె పొర తొక్కలోంచి చెమ్మని పోనివ్వలేదు. చివర్లో రాసినవి గోటితో తడితే టకటకమన్నాయి. ఆ రోజు నుంచి నోరు మూసుకున్నాను.

అసలు పని ఓవెన్‌లోంచి తీసిన తర్వాత ఉంది. చాలామంది అక్కడే పాడుచేస్తారు, నేనూ చేశాను. కాలిన దుంపని ప్లేటులో పెట్టి, స్నానానికెళ్ళొచ్చి తిందామంటే కుదరదు. లోపల పట్టిన ఆవిరి మళ్ళీ నీళ్ళై గుజ్జుని ముద్ద చేస్తుంది, తొక్కని మెత్తబరుస్తుంది. ఆవిడ ఒక దళసరి గుడ్డలో దుంపని పట్టుకుని, పైన కత్తితో ఇంటూ గుర్తులా కోసి, నాలుగు మూలల్నీ వేళ్ళతో లోపలికి నొక్కుతుంది. ఆవిరి బుస్సున లేస్తుంది, గుజ్జు తెల్లగా విచ్చుకుని పైకొస్తుంది. అప్పుడు ఉప్పు, అప్పుడు వెన్న. అన్నం వార్చగానే గరిటెతో కదిపి ఆవిరి పోనిచ్చే మా అమ్మమ్మ గుర్తొచ్చింది.

ఇంట్లో ఇదంతా యథాతథంగా చేశాను. రాలేదు. తొక్క బాగానే ఉంది, లోపల మాత్రం మైనంలా ఉంది. మదనపల్లె తమ్ముడు సంచి తిప్పి చూసి, "అన్నా, ఇది నీళ్ళగడ్డ, ఇందులో పిండే లేదు" అన్నాడు. వాళ్ళ మేనమామ పలమనేరు దగ్గర ఉర్లగడ్డ పండిస్తాడు, వీడికి దుంప చేత్తో పట్టుకుంటే తెలుస్తుంది. నేను చవగ్గా వచ్చాయని సలాడ్ దుంపలు తెచ్చాను. పలచటి తొక్కతో నున్నగా ఉండేవి. కూరకి అవి బంగారం, ముక్క విరగదు. కాల్చడానికి విరిగే రకమే కావాలి. పిండి ఎక్కువున్న దుంపలో, వేడి అరవై డిగ్రీలు దాటిన కొద్దీ పిండి నీళ్ళు పీల్చుకుని ఉబ్బుతుంది, కణాలు ఒకదాన్నొకటి వదిలేస్తాయి, అందుకే పొడిపొడిగా రాలుతుంది. పిండి తక్కువైతే కణాలు అతుక్కునే ఉంటాయి.

ఇంగ్లండ్‌లో ఇందుకు రెండు పేర్లు గుర్తుపెట్టుకుంటే చాలు, మారిస్ పైపర్, కింగ్ ఎడ్వర్డ్. కింగ్ ఎడ్వర్డ్ 1902లో, ఆ రాజు పట్టాభిషేకం జరిగిన ఏడాదే మార్కెట్లోకొచ్చిన రకం, అందుకే ఆ పేరు. మారిస్ పైపర్ 1966 నాటిది. కేంబ్రిడ్జ్ పక్కన దాన్ని తయారుచేసిన పరిశోధనా సంస్థ మారిస్ లేన్ అనే వీధిలో ఉండేది, వీధి పేరే దుంపకి వచ్చింది. అమెరికాలో అయితే గరుకు తొక్క రసెట్. పేరు తెలియకపోతే ఉప్పునీళ్ళ పరీక్ష ఉంది. ఒక గ్లాసు ఉప్పుకి పదకొండు గ్లాసుల నీళ్ళు కలిపి దుంపని వదిలితే, పిండి ఎక్కువున్నది మునుగుతుంది, నీళ్ళగడ్డ తేలుతుంది. విత్తనాల వడ్లని ఉప్పునీళ్ళలో వేసి తాలు తీసేసే పద్ధతే ఇది. తమ్ముడు మాత్రం ఈ పరీక్షని అవమానంగా తీసుకున్నాడు. నా చెయ్యి చాలదా అని.

ఇంకో తప్పు, దుంపల్ని ఫ్రిజ్‌లో పెట్టడం. చల్లదనం ఆరేడు డిగ్రీలకి దిగితే దుంపలో పిండి చక్కెరగా మారడం మొదలవుతుంది. అలాంటిది కాలిస్తే తియ్యగా, తొక్క దగ్గర నల్లగా వస్తుంది. కింద మెట్ల గదిలో కాగితం సంచిలో పెట్టడం అలవాటు చేసుకున్నాం.

ఇంతవరకూ ఓవెన్ ఖర్చు గురించి ఎవరూ ఆలోచించలేదు, ఎందుకంటే మొదటి ఏడాది అద్దెలోనే బిల్లులు కలిసి ఉండేవి. 2022 శరదృతువులో ఇల్లు మారాం, బిల్లు మాదే అయింది. అదే సమయంలో ఇంగ్లండ్ అంతా కరెంటు రేట్ల గోల. ప్రభుత్వం ధర ఆపి పట్టుకున్నాక కూడా యూనిట్ దాదాపు 34 పెన్స్ (నూరు పెన్స్ ఒక పౌండు). కొత్తింట్లో స్మార్ట్ మీటర్‌తో పాటు ఫోనంత బుల్లి తెర ఒకటి ఇచ్చారు, అది ఏ నిమిషంలో ఎంత కాలుతోందో డబ్బుల్లో చూపిస్తుంది. కరీంనగర్ అన్న దాని ముందే కుర్చీ వేసుకున్నాడు. ఓవెన్ వేస్తే చాలు, ఆటోలో మీటర్ చూసినట్టు చూసేవాడు.

కాబట్టి ఆ చలికాలం మా ప్రయోగాలన్నీ ఆ తెర ముందే జరిగాయి. ఓవెన్ గంటంబావుకి, వేడెక్కే సమయంతో కలిపి, మా ఇంట్లో నలభై పెన్స్ పైచిలుకు. ఆ ఏడాది అందరూ కొన్నట్టే మేమూ ఎయిర్ ఫ్రయర్, అంటే వేడిగాలి తిప్పి కాల్చే చిన్న పెట్టె, కొన్నాం. అందులో 200 డిగ్రీల మీద నలభై ఐదు నిమిషాలు, సగంలో ఒకసారి తిప్పడం, ఇరవై రెండు పెన్స్. తొక్క అద్భుతం, గాలి గట్టిగా తిరుగుతుంది కదా, ఓవెన్‌ కన్నా ముందే ఎండుతుంది. లోపల ఓవెన్‌ది కాస్త మెరుగు. పైన మరీ తొందరగా గట్టిపడి, మధ్యలోకి వేడి చేరేలోపు తొక్క కింద గోధుమరంగు పెంకులా తయారవుతుంది. వేడి 180కి దించి ఇంకో పది నిమిషాలు పెంచితే ఆ ఇబ్బంది తగ్గింది. ఒక్క మనిషికైతే నేను దానికే ఓటేస్తాను. కానీ మాది రెండు దుంపలు పట్టే ఫ్రయర్. నలుగురికి రెండు విడతలు వెయ్యాలి, అంటే నలభై నాలుగు పెన్స్. ఓవెన్‌లో నలుగురికీ ఒక్కసారే అయిపోతుంది. ఈ లెక్క అన్నకి నిరూపించడానికి నాకు ఒక ఆదివారం పట్టింది.

పనినుంచి రాత్రి తొమ్మిదికి వచ్చి ఆకలితో ఉన్నప్పుడు చేసేది వేరు. పొడిచిన దుంపని మైక్రోవేవ్‌లో ఐదు నిమిషాలు, తిప్పి ఇంకో మూడునాలుగు, ఆ తర్వాత ఉప్పు రాసి వేడి ఓవెన్‌లో ఇరవై నిమిషాలు. లోపలి పని మైక్రోవేవ్‌కి, తొక్క పని ఓవెన్‌కి. దీన్ని తక్కువ చెయ్యకండి, నూటికి ఎనభై మార్కులు వస్తాయి. పోయేవి రుచి మార్కులు. గంటసేపు కాలినప్పుడు తొక్క కింద ఒక పలచని పొర ఎర్రగా, వేరుశనగ వాసనతో తయారవుతుంది. ఇరవై నిమిషాలకి అది రాదు.

ఆ పొర కోసమే ఇంకో దారి పట్టాను. ఉప్పు నీళ్ళు చిక్కగా కలిపి దుంపని ముంచి, 230 డిగ్రీల ఓవెన్‌లో పెట్టడం, మధ్యలో థర్మామీటర్ గుచ్చితే 96 చూపించగానే తీసి, నూనె రాసి, మళ్ళీ పది నిమిషాలు. ఆ 96 అనే అంకె దగ్గరే నాకు కళ్ళు తెరుచుకున్నాయి. కత్తి సులువుగా దిగితే ఉడికినట్టే అనుకునేవాణ్ణి. కత్తి 85 దగ్గర కూడా దిగుతుంది. తినొచ్చు, కానీ బరువుగా ఉంటుంది. మిగతా పది డిగ్రీల్లోనే నీళ్ళు వదులుతుంది. తూకం వేసి చూశాను. 290 గ్రాముల దుంప సరిగ్గా కాలాక 235కి దిగింది. అంతకుముందు ఫాయిల్‌లో చుట్టినది పదిహేను గ్రాములు కూడా తగ్గలేదు. జాకెట్ పొటాటో చెయ్యడమంటే దుంపలోంచి యాభై గ్రాముల నీళ్ళని, తొక్క తడవకుండా, బయటికి పంపించడం. ఇన్ని పద్ధతులూ ఆ నీళ్ళకి వేసిన రకరకాల దారులే.

నవంబర్ 5 రాత్రి బాన్‌ఫైర్ నైట్. 1605లో పార్లమెంటుని పేల్చెయ్యబోయి దొరికిపోయిన కుట్ర గుర్తుగా మంటలు వేసి టపాకాయలు కాలుస్తారు, జాకెట్ పొటాటో ఆ రాత్రి తిండి కూడా. మాకు భోగి గుర్తొచ్చింది. పెరట్లో చిన్న మంట వేసి, చిన్నప్పుడు నివురులో చిలగడదుంపలు పూడ్చినట్టు వీటిని పూడ్చాం. విజయనగరం వాడు మొదటిసారి నోరు విప్పాడు, "మంట పోయాక ఎట్టాల్రా, నిప్పుల్లో కాదు నివురులో" అని. మేం వినలేదు. బొగ్గు లోపల పచ్చి దుంప. రెండో వాయి వాడికే అప్పగించాం. నిప్పులు పక్కకి తోసి, వేడి నివురులో పూడ్చి, పైన మళ్ళీ నిప్పులు కప్పి గంట కదపనివ్వలేదు. సగం తొక్క మసి, తినడానికి లేదు. కానీ ఆ గుజ్జు, ఆ పొగ వాసన! కాస్త ఉప్పు, పచ్చిమిర్చి చాలు. తొక్క పోయింది కాబట్టి నేను రెండో ర్యాంకే ఇస్తాను. వాడు ఇప్పటికీ ఒప్పుకోడు.

పైన ఏం వేసుకోవాలన్న దాంట్లో మాది మా దారి. వెన్న కరిగాక కందిపొడి చల్లితే, వేడన్నంలో నెయ్యీ కందిపొడీ కలుపుకున్నట్టే ఉంటుంది. పొడిగా ఉండే గుజ్జుకి పొడి బాగా నప్పుతుంది. అన్న ఉల్లిపాయకారం అంటాడు. ఆవకాయ నూనె ఒక చెంచా వేస్తే బ్రహ్మాండం, ముక్క వేస్తే మాత్రం దుంపని మింగేస్తుంది. గోంగూర నాకు నచ్చలేదు, తడి ఎక్కువ. ఒకరోజు వంటగది పెద్దావిడకి కందిపొడి డబ్బా పట్టుకెళ్ళాను. జాగ్రత్తగా చిటికెడు వేసుకుని, కాసేపాగి, ఇంకో చెంచా వేసుకుంది. డబ్బా తిరిగి రాలేదు.

2024 సంక్రాంతికి ఇంటికొచ్చాను. అమ్మకి తినిపించాలని ముచ్చట. చెల్లి కేకులు చేసుకునే ఓటీజీ, బల్లమీద పెట్టుకునే చిన్న కరెంటు ఓవెన్, ఉంది. మార్కెట్లో అన్నీ కొత్త దుంపలు, గోటితో గీకితే తొక్క ఊడివచ్చేంత పలచన. రెండు కిలోలు తెచ్చి ఉప్పునీళ్ళ బకెట్లో వేస్తే మూడు తప్ప అన్నీ తేలాయి. "దుంపలకి స్నానాలేంట్రా" అంది అమ్మ. ఆ మూడింటినీ కమ్మీ మీద సర్ది, 200 దగ్గర పెట్టాను. ఓటీజీలో కింది కడ్డీ మరీ దగ్గర కాబట్టి మూడుసార్లు తిప్పాల్సొచ్చింది. గంటంబావు. మధ్యలో ఒకసారి కరెంటు పోయింది, అది కలిపితే గంటన్నర. అయినా బాగా వచ్చాయి. మారిస్ పైపర్ అంత పొడిపొడిగా కాదు గానీ, తొక్క గోటితో తడితే టకటకమంది.

ఒకదాన్ని కోసి, నాలుగు మూలలూ నొక్కి, వెన్నపూస వేసి అమ్మ ముందు పెట్టి, కందిపొడి సీసా కోసం వంటింట్లోకెళ్ళాను. తిరిగొచ్చేసరికి అమ్మ వేళ్ళు ఊదుకుంటూ తొక్క మొత్తం వలిచేసి, పక్కన కుప్పగా పెట్టి, గుజ్జుని చేత్తో మెదుపుతోంది.

"బానే ఉడికిందిరా" అంది. "కాస్త పోపు పెట్టనా?"